డ్రైవర్ షాఫ్టు ఎంపిక: ముందు బరువు, ఆ తర్వాతే బిరుసు

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్; చేతిపట్టునూ బంతిని తాకే హెడ్‌నూ కలిపే దాని గొట్టమే షాఫ్టు. ఆ షాఫ్టు బిరుసును చెబుతూ దాని మీద ముద్రించి ఉండే ఆర్, ఎస్, ఎక్స్ అనే అక్షరాలకు పరిశ్రమ మొత్తానికీ వర్తించే ప్రమాణం ఏదీ లేదు. రెగ్యులర్, స్టిఫ్, ఎక్స్‌ట్రా స్టిఫ్ అని మనం వాటిని చదువుకుంటాము గానీ, ఏ కంపెనీకి ఆ కంపెనీ తన సొంత కొలతతో ఆ అక్షరాన్ని వేసుకుంటుంది. ఒకరి ఆర్ మరొకరి ఎస్ కంటే గట్టిగా ఉండవచ్చు. ఒకే కంపెనీ తయారుచేసిన 50 గ్రాముల ఎస్, 70 గ్రాముల ఎస్ కూడా ఒకే బిరుసుతో ఉండవు. అయినా మహబూబ్‌నగర్‌లో క్లబ్బులు కట్టే నా పని బల్ల దగ్గరకు క్లబ్బు పట్టుకుని వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఆ అక్షరం గురించే. “నాకు స్టిఫ్ పడుతదా, రెగ్యులర్ పడుతదా?” అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే దానికంటే ముందు బరువు, పొడవు, కొట్టేవారి చేతుల తీరు తేలాలి. ఆ మూడూ తేలిన తర్వాత చాలాసార్లు అక్షరం గురించి అడగవలసిన అవసరమే ఉండదు.

మన ప్రాంతంలో ఈ ఆట ఆడేవారి పరిస్థితి కొంత ప్రత్యేకమైనది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి నుంచి ఆదివారం తెల్లవారకముందే కారు తీసి, గోల్కొండ నయా ఖిల్లాను ఆనుకున్న మైదానానికో గచ్చిబౌలి దగ్గరి బౌల్డర్ హిల్స్‌కో వెళ్లే వైద్యులు, రైస్‌మిల్లు యజమానులు, రిటైరైన ఇంజనీర్లలో చాలామంది నలభై దాటాక క్లబ్బు పట్టినవారు. వారి సంచిలో ఉండే డ్రైవర్ తరచుగా అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకో అల్లుడో తెచ్చి ఇచ్చినది. ముప్పై ఏళ్ల యువకుడు తన ఒంటికీ తన వేగానికీ తగినట్టు ఎంచుకుని, కొత్తది కొనుక్కున్నాక పాతదాన్ని ప్రేమతో తండ్రికి ఇచ్చినది. క్లబ్బు మంచిదే, షాఫ్టూ మంచిదే, కాని ఆ కలయిక మరొకరి స్వింగ్ (క్లబ్బు తిప్పే తీరు) కోసం కుదిర్చినది. షాఫ్టుల గురించి ఇంత వివరంగా రాయడానికి నన్ను పురికొల్పినది ఈ ఒక్క విషయమే.

షాఫ్టు చేసే పని

డ్రైవర్ హెడ్ బరువు సుమారు 200 గ్రాములు. దానిని 45 అంగుళాల పొడవు గల గొట్టం చివర బిగించి తిప్పుతాము. పైకి వెళ్లిన చేతులు కిందికి మళ్లే క్షణంలో హెడ్ ఇంకా వెనకే ఉండిపోతుంది కాబట్టి షాఫ్టు వెనక్కి వంగుతుంది. చేతులు కిందికి దిగే పావు సెకను కాలంలో ఆ వంపు క్రమంగా విడిపోయి, బంతిని తాకే సమయానికి షాఫ్టు కింది భాగం లక్ష్యం వైపుకు, అంటే ముందుకు, వంగి ఉంటుంది. హెడ్ గరిమనాభి షాఫ్టు గీతకు సరిగ్గా కింద కాకుండా కొంత వెనకగా, కొంత బయటగా ఉండడం దీనికి కారణం. వేగంగా తిరిగేటప్పుడు బయటికి లాగే బలం ఆ నాభిని చేతుల గీతలోకి తీసుకురావాలని చూస్తుంది. దానివల్ల రెండు మార్పులు జరుగుతాయి. షాఫ్టు ముందుకు వంగడంతో బంతిని తాకే హెడ్ ముఖానికి, అంటే ఫేస్‌కు, కొంత లాఫ్ట్ (పైకి చూసే వాలు) అదనంగా కలుస్తుంది. హెడ్ బయటి కొన నేల వైపుకు వాలుతుంది.

వంగిన షాఫ్టు విడిపోతూ బంతిని ముందుకు విసురుతుందనీ, అందువల్ల మెత్తని షాఫ్టు దూరం పెంచుతుందనీ ఒక నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. బంతి, ఫేస్ ఒకదానినొకటి తాకి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే. అంత తక్కువ వ్యవధిలో చేతుల నుంచి ఏ బలమూ షాఫ్టు గుండా దిగి హెడ్‌కు సాయం చేయలేదు; ఆ క్షణంలో హెడ్ దేనికీ అంటని ఒంటరి వస్తువుగానే ప్రవర్తిస్తుంది. కెనడాలోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సాషో మెకెంజీ కంప్యూటర్ నమూనాలతో చేసిన పరిశోధన కూడా ఈ దారిలోనే సాగింది. షాఫ్టు బిరుసు మారినప్పుడు క్లబ్‌హెడ్ వేగంలో వచ్చే తేడా స్వల్పమనీ, ఫేస్ ఏ కోణంలో బంతిని చేరుతుందన్నది మాత్రం మారుతుందనీ అది చూపింది. అంటే షాఫ్టు పని బలాన్ని పుట్టించడం కాదు, ఉన్న వేగంతో హెడ్‌ను సరైన కోణంలో, ఫేస్ నడిమధ్యకు బంతి తగిలేలా తెచ్చి అప్పగించడం.

దీనికి తోడు, షాఫ్టు చేతికి ఎలా తెలుస్తుందన్న దానిని బట్టి మనిషి తన స్వింగ్‌నే మార్చుకుంటాడు. హెడ్ ఎక్కడుందో తెలియకపోతే చేతులు తొందరపడతాయి, బరువుగా తోస్తే భుజాలు నెమ్మదిస్తాయి. యంత్రంతో కొట్టించినప్పుడు వచ్చే ఫలితానికీ మనిషి కొట్టినప్పుడు వచ్చే ఫలితానికీ పొంతన కుదరకపోవడానికి ఇదే కారణం. ఈ శాస్త్రం ఎంత చదివినా చివరకు ప్రతి మనిషినీ విడివిడిగా కొట్టించి చూడక తప్పదు.

బరువు, పొడవు

1969లో అమెరికాలోని షేక్స్‌పియర్ కంపెనీలో పనిచేస్తున్న ఇంజనీరు ఫ్రాంక్ థామస్ కార్బన్ దారాలతో చేసే గ్రాఫైట్ షాఫ్టును రూపొందించేనాటికి, డ్రైవర్‌లో వాడే ఉక్కు షాఫ్టు ఒక్కటే 120 గ్రాముల దరిదాపుల్లో తూగేది. ఇవాళ మార్కెట్లో దొరికే కార్బన్ డ్రైవర్ షాఫ్టులు దాదాపు అన్నీ 40 నుంచి 80 గ్రాముల మధ్యే ఉంటాయి. అలా మిగిలిన బరువును కంపెనీలు పొడవు పెంచడానికి వాడుకున్నాయి. ఒకప్పుడు 43 అంగుళాల దగ్గర ఉన్న డ్రైవర్ ఇప్పుడు దుకాణంలో 45.5 అంగుళాలకు పైగా పొడవుతో అమ్ముడవుతోంది. నియమాల ప్రకారం గరిష్ఠ పొడవు 48 అంగుళాలు; 2022 జనవరి నుంచి పోటీల నిర్వాహకులు కోరుకుంటే దానిని 46 అంగుళాలకు కుదించుకునే వీలు కల్పించారు. టీవీలో మనం చూసే వృత్తి ఆటగాళ్లలో చాలామంది వాడే డ్రైవర్లు 45 అంగుళాల చుట్టుపక్కలే ఉంటాయి. వారంలో ప్రతిరోజూ వందల బంతులు కొట్టేవారు పొట్టి క్లబ్బు వాడుతుంటే, ఆదివారం ఒక్కరోజు ఆడేవారి చేతికి అంతకంటే పొడవైనది ఇవ్వడం నాకు ఎంత మాత్రం న్యాయంగా తోచదు.

పొడవు పెరిగితే సిద్ధాంతం ప్రకారం వేగం పెరగాలి. కాని ఫేస్ మీద బంతి తగిలిన గుర్తులు చూస్తే, పొడవు పెరిగేకొద్దీ అవి మధ్య నుంచి అటూఇటూ చెదిరిపోతాయి. మధ్యలో తగలని బంతి వేగాన్నీ కోల్పోతుంది, దిశనూ కోల్పోతుంది. అరంగుళం తగ్గించినందుకు పోయే వేగం కంటే, మధ్యలో తగలడం వల్ల తిరిగి వచ్చేది ఎక్కువగా ఉండడం నేను మామూలుగా చూసే సంగతి. అయితే ఊరికే కోసి ఇచ్చేస్తే సరిపోదు. హెడ్ బరువు చేతికి ఎంతగా తోస్తుందో చెప్పడానికి గ్రిప్ (చేతిపట్టు) చివర నుంచి 14 అంగుళాల దూరాన ఆనించి తూచే స్వింగ్‌వెయిట్ కొలతలో అరంగుళం తగ్గితే మూడు పాయింట్లు పడిపోతాయి, ఒక్క పాయింట్ తిరిగి రావాలంటే హెడ్‌లో సుమారు 2 గ్రాములు కలపాలి. అంగుళం కోసిన డ్రైవర్‌కు హెడ్ మరలో 12 గ్రాములు అదనంగా వేయకపోతే అది చేతిలో ఖాళీగా అనిపించి, ఆడేవారు “ఇది నాకు కుదరలేదు” అని పక్కన పెట్టేస్తారు. తప్పు పొడవు తగ్గించడంలో లేదు, దాని తర్వాతి పనిని వదిలేయడంలో ఉంది.

బరువు విషయంలో వేగం ఒక్కటే లెక్క కాదు. షాఫ్టు 10 గ్రాములు తగ్గినప్పుడు క్లబ్‌హెడ్ వేగంలో వచ్చే మార్పు సాధారణంగా గంటకు ఒక మైలు లోపే ఉంటుంది, కొందరిలో అసలే ఉండదు. బరువు ప్రభావం కనిపించేది చేతులు కిందికి మళ్లే తీరులో. గంటకు 85 మైళ్ల వేగం ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు ఎప్పుడూ కుర్చీలో కూర్చుని పనిచేసిన అధికారి, మెల్లగా లేచి మెల్లగా దిగే స్వింగ్. మరొకరు చిన్ననాటి నుంచి వ్యవసాయంలో చేతులు గట్టిపడిన మనిషి, పై నుంచి ఒక్కసారిగా కిందికి లాగే స్వభావం. మొదటివారికి 45 లేదా 50 గ్రాముల షాఫ్టు హాయిగా సరిపోవచ్చు. అదే షాఫ్టు రెండోవారి చేతిలో అదుపు తప్పుతుంది, 60 గ్రాములు ఇస్తే లాగుడు తగ్గి బంతి మధ్యలో తగలడం మొదలవుతుంది. వేగాల పట్టిక ముందు పెట్టుకుని “85 మైళ్లు, కాబట్టి రెగ్యులర్” అని తేల్చేసే పద్ధతి ఈ ఇద్దరిలో కనీసం ఒకరికి అన్యాయం చేస్తుంది.

పొరల్లో దాగిన సంగతి

కార్బన్ దారాన్ని ఎక్కువగా పాలీఅక్రిలోనైట్రైల్ అనే పోగుతో తయారుచేస్తారు. ఆ పోగును 200 నుంచి 300 డిగ్రీల వేడిగాలిలో స్థిరపరచి, ఆక్సిజన్ లేని కొలిమిలో 1,000 డిగ్రీలకు మించి కాలిస్తే మిగిలేది దాదాపుగా కార్బన్ ఒక్కటే. ఆ దారాలను ఒకే దిశలో పరచి రెజిన్ అనే జిగురు పట్టించిన పలుచని పొరలను ప్రీప్రెగ్ అంటారు. వాటిని కొలతకు కోసి, సన్నగా కొనదేలిన ఉక్కు కడ్డీ మీద ఒకదాని తర్వాత ఒకటి చుట్టి, పైన ప్లాస్టిక్ టేపును బిగువుగా చుట్టి ఓవెన్‌లో గట్టిపరచిన తర్వాత కడ్డీని లాగేస్తే షాఫ్టు మిగులుతుంది. ఆపైన సానపట్టి రంగు వేస్తారు. కొనేవారికి కనిపించేది ఆ రంగు మాత్రమే.

పొరలోని దారం ఏ దిశలో ఉందన్నది ముఖ్యం. షాఫ్టు పొడవునా సాగే దారాలు వంపును నియంత్రిస్తాయి. ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో అటొకటి ఇటొకటి వేసిన పొరలు మెలితిరగడాన్ని అడ్డుకుంటాయి. అడ్డంగా చుట్టూ తిరిగే దారాలు గొట్టం నలిగి కోడిగుడ్డు ఆకారంలోకి మారకుండా కాపాడతాయి. ఈ మూడింటి పాళ్లు మార్చి, ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మార్చి, ఒకే బరువుతో పది రకాల షాఫ్టులు తయారుచేయవచ్చు.

ప్రకటనల్లో 24 టన్నులు, 40 టన్నులు అని కనిపించే సంఖ్య దారం బిరుసును చెప్పేది. 24 టన్నుల దారం అంటే సుమారు 235 గిగాపాస్కళ్లు, 40 టన్నులంటే 390 దాకా. ఉక్కు బిరుసు 200 గిగాపాస్కళ్లు, పైగా కార్బన్ దారం సాంద్రత ఉక్కులో నాలుగో వంతుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ పదార్థం ఇంతగా నిలదొక్కుకుంది. అయితే బిరుసు పెరిగేకొద్దీ దారం సాగే గుణం తగ్గి త్వరగా విరిగే స్వభావం వస్తుంది. అందుకే తోరే కంపెనీ టీ1100 దారానికి అంత పేరు వచ్చింది: 324 గిగాపాస్కళ్ల బిరుసుతో పాటు 7,000 మెగాపాస్కళ్ల తన్యబలం (లాగితే తెగకుండా నిలిచే బలం) అందులో ఉంది. అదే కంపెనీ పాత ఎం40జే, కొత్త ఎం40ఎక్స్ దారాల బిరుసు ఒక్కటే, 377. కాని బలం 4,400 నుంచి 5,700కు పెరిగింది. షాఫ్టు తయారీదారుకు కావలసింది ఈ రెండో మెరుగుదలే.

ఖరీదైన దారం ఎక్కడ వేస్తారన్నది తెలిస్తే ధరల గందరగోళం చాలావరకు విడిపోతుంది. గొట్టం బిరుసు దానిలోని పదార్థం కంటే దాని వ్యాసం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. గోడ మందం అదే ఉంచి వ్యాసాన్ని రెట్టింపు చేస్తే బిరుసు ఎనిమిది రెట్లు అవుతుంది. షాఫ్టు పై చివర సుమారు 15 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి అక్కడ మామూలు దారంతోనే కావలసిన బిరుసు సాధించవచ్చు. కింది చివర మాత్రం హెడ్ రంధ్రంలో దూరాలి, అక్కడ వ్యాసం 0.335 అంగుళాలకు, అంటే 8.5 మిల్లీమీటర్లకు బిగుసుకుపోయింది. వ్యాసం పెంచే వీలు లేదు, గోడ మందం పెంచితే బరువు పెరుగుతుంది. మిగిలిన దారి మరింత బిరుసైన దారం వాడడం ఒక్కటే. కాబట్టి కింది చివరకు, అంటే కొనకు, దగ్గరగా, బరువు పెంచకుండా, విరగకుండా, బిరుసు తీసుకురావడానికి పెట్టే ఖర్చే ఖరీదైన షాఫ్టు ధరలో పెద్ద భాగం. ఫుజికురా కంపెనీ వెంటస్ షాఫ్టులో వెలోకోర్ అని పిలిచే అమరిక మరో దారి పట్టింది. తారు నుంచి తీసే 70 టన్నుల పిచ్ కార్బన్‌నూ 40 టన్నుల ఏటవాలు పొరలనూ కొన దగ్గర ఆపకుండా షాఫ్టు పొడవంతా నడిపించింది. కొన అంత గట్టిగా అవసరం లేని స్వింగ్‌కు ఈ ఖర్చు వల్ల ఒరిగేది తక్కువ.

ఇక్కడే వంపు తీరు అనే మాట వస్తుంది. డిండి జలాశయం గట్టున కూర్చున్నవారి చేతుల్లోని గాలపు కర్రలను గమనిస్తే, ఒకే పొడవు, ఒకే బరువు ఉన్న రెండింటిలో ఒకటి కొన దగ్గరే వంగుతుంది, మరొకటి నడుము నుంచే వంగుతుంది. షాఫ్టుల మధ్య తేడా కూడా ఇలాంటిదే. కంపనాల యంత్రంలో పై చివరను బిగించి, కింది చివర హెడ్ బరువు తగిలించి, నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెడితే వచ్చే సంఖ్య ప్రధానంగా పై భాగం బిరుసునే చెబుతుంది. ఒకే సంఖ్య వచ్చిన రెండు షాఫ్టుల కొనలు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. అందుకే నేను పొడవునా మూడు నాలుగు చోట్ల విడివిడిగా కొలిచిన తర్వాతే రెండింటినీ పోల్చుతాను.

కంపెనీలు ఈ తీరును రంగులతో సూచిస్తాయి, ఆ రంగులకూ ఉమ్మడి ఒప్పందం లేదు. మిత్సుబిషి డయమానా సంప్రదాయంలో తెలుపు బంతిని కిందుగా పంపేది, నీలం మధ్యస్థం, ఎరుపు ఎత్తుగా పంపేది. వెంటస్‌లో అన్నిటికంటే కిందుగా పంపేది నలుపు. ఇలా పంపడమన్నది కూడా హద్దులున్న వ్యవహారమే: ఒకే బరువులో అటు చివరి రకం నుంచి ఇటు చివరి రకానికి మారినా చాలామందిలో బంతి లేచే కోణం ఒకటి రెండు డిగ్రీలకు మించి మారదు. లాఫ్ట్ మార్చుకునేందుకు హెడ్, షాఫ్టు కలిసే చోట ఉండే అడాప్టర్‌ను ఒక గడి తిప్పితే దాదాపు అంత మార్పు ఖర్చు లేకుండా వస్తుంది. బంతి మరీ కిందుగా పోతోందన్న ఒక్క కారణంతో వచ్చినవారికి నేను షాఫ్టు అమ్మను. ముందు లాఫ్ట్ పెంచి, బంతిని నిలిపే టీ ఎత్తు సరిచేసి చూడమంటాను.

మరి వంపు తీరు ఎవరికి పనికివస్తుంది? కిందికి మళ్లేటప్పుడు గట్టిగా లాగేవారికి పైభాగం, నడుము గట్టిగా ఉంటే అదుపు దొరుకుతుంది. మణికట్టు మడతను చివరిదాకా నిలుపుకోగలిగినవారిలో కొన బిరుసు ఫలితాన్ని మార్చుతుంది. మణికట్టును ముందే విడిచేసేవారిలో, మనలో అధికసంఖ్యాకులు ఈ కోవలోనివారే, బంతి దగ్గరికి వచ్చేసరికి షాఫ్టులోని వంపు ఎప్పుడో విడిపోయి ఉంటుంది కాబట్టి కొన ఎలా ఉన్నా పెద్ద తేడా కనిపించదు. వారికి సరైన బరువు, సరైన పొడవు, చేతికి నచ్చిన స్పర్శ చాలు.

టార్క్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దానికి దక్కవలసిన దానికంటే ఎక్కువ ప్రాధాన్యం ఇప్పటికే దక్కింది. కొన దగ్గర ఒక ఫుట్-పౌండ్ మెలితిప్పే బలం పెడితే షాఫ్టు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో అదే టార్క్. గట్టి షాఫ్టుల్లో మూడుకు అటూఇటూ, తేలిక షాఫ్టుల్లో ఐదు ఆరు దాకా ఉంటుంది. కంపెనీలు కొలిచే పద్ధతులు వేరు కాబట్టి అంకెలను అడ్డంగా పోల్చలేము. టార్క్ తగ్గిస్తే బంతి కుడివైపుకు తిరిగిపోవడం ఆగుతుందన్న ఆశతో వచ్చేవారికి నిజం చెప్పాలి: ఆ తిరుగుడు క్లబ్బు వచ్చే దారికీ ఫేస్ తెరుచుకున్న కోణానికీ మధ్య తేడా వల్ల పుట్టేది, షాఫ్టు మెలిక దానికి మూలం కాదు. శిక్షకుడి దగ్గర గడిపే కొన్ని ఉదయాలు అక్కడ షాఫ్టు కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

పోల్చి చూసే పద్ధతి

రెండు షాఫ్టులను పోల్చేటప్పుడు షాఫ్టు తప్ప మిగిలినదేదీ మారకూడదు. హెడ్ ఒక్కటే ఉండాలి, అడాప్టర్ ఒకే గడిలో ఉండాలి, పొడవు, స్వింగ్‌వెయిట్ సమానంగా ఉండాలి, బంతి ఆడేవారు మైదానంలో వాడే బంతే అయి ఉండాలి. దుకాణాల్లో జరిగే పోలికల్లో ఇది తరచుగా తప్పుతుంది; 45.75 అంగుళాల కొత్త డ్రైవర్‌ను 45 అంగుళాల పాత డ్రైవర్‌తో పోల్చి, వచ్చిన తేడాను షాఫ్టు ఖాతాలో వేస్తారు. ఒళ్లు వేడెక్కకముందు కొట్టిన దెబ్బలనూ అలసిపోయాక కొట్టినవాటినీ లెక్కలోకి తీసుకోకూడదు. మొదటి షాఫ్టుతో మొదలుపెట్టి, రెండోది చూసి, తప్పనిసరిగా మళ్లీ మొదటిదానికి తిరిగి రావాలి. తిరిగి వచ్చినప్పుడు మొదటిది మారిన ఫలితాలు ఇస్తే, మారింది షాఫ్టు కాదు, మనిషి.

నేను ఫేస్ మీద పౌడర్ చల్లి తగిలిన గుర్తులు చూస్తాను, బంతి కదలికను కొలిచే లాంచ్ మానిటర్ యంత్రం చూపే బంతి వేగం, లేచే కోణం, స్పిన్ (బంతి గిరగిరా తిరగడం) రాసుకుంటాను, అన్నిటికంటే ముందు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంతుందో చూస్తాను. అన్నిట్లోకీ దూరం పోయిన ఒక్క దెబ్బను పట్టుకుని షాఫ్టు కొనేవారు ఎక్కువ. ఆ దెబ్బ ఏ షాఫ్టుతోనైనా ఎప్పుడో ఒకసారి వస్తుంది. 200 గజాలకు అటూఇటూ పది గజాల్లో పడే షాఫ్టు, ఒకసారి 225, మరొకసారి 170 పడే షాఫ్టు కంటే స్కోరుకార్డు మీద మేలైనది.

ఏ అంకెల కోసం చూడాలన్నదానికి లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రచురించిన వృత్తి ఆటగాళ్ల సగటులు మంచి ఆధారం, కాని మనవారు అందులో తప్పు వరుస చదువుతారు. కొన్నేళ్ల కిందటి ఆ లెక్కల్లో, అమెరికా వృత్తి పోటీలైన పీజీఏ టూర్ పురుషుల సగటు క్లబ్ వేగం గంటకు 113 మైళ్లు, బంతి లేచే కోణం 10.9 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి 2,686 తిరుగుళ్లు, గాలిలో దూరం 275 గజాలు. వారు బంతిని ఒకటిన్నర డిగ్రీల లోపు కిందికి కొడుతూ తాకుతారు. ఎల్పీజీఏ మహిళల సగటు వేగం 94 మైళ్లు, లేచే కోణం 13.2, స్పిన్ 2,611, దూరం 218 గజాలు, తాకేది మూడు డిగ్రీలు పైకి. నల్లగొండ నుంచి వచ్చే యాభై అయిదేళ్ల ఆటగాడి వేగం 85 నుంచి 90 మధ్య ఉంటే, అతడికి దారి చూపవలసినది రెండో వరుస. పురుష ఆటగాళ్లు వాడే 70 గ్రాముల ఎక్స్ షాఫ్టు కాదు, బంతిని ఎత్తుగా లేపి గాలిలో నిలిపే అమరిక అతడికి అవసరం. మహిళల ఆటను శ్రద్ధగా చూడమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. తక్కువ వేగం నుంచి అంత దూరం రాబట్టడం ఎలాగో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మన ఎండలు ఈ పోలికను మరో రకంగా తప్పుదారి పట్టిస్తాయి. 45 డిగ్రీల ఎండలో గాలి 15 డిగ్రీల చలిగాలి కంటే సుమారు పదో వంతు పలుచగా ఉంటుంది, బంతికి అడ్డు తగ్గి దూరం పోతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడి, కిందుగా పోయిన బంతి కూడా పడ్డాక చాలా దూరం దొర్లుతుంది. ఆ దొర్లుడును చూసి బంతిని కిందుగా పంపే షాఫ్టు కొన్నవారు, వానలు పడి నేల మెత్తబడిన ఆగస్టులో ముప్పై గజాలు ఎక్కడ పోయాయని అడుగుతారు. ఏ నెలలో పరీక్షించినా గాలిలో పోయిన దూరాన్నే, అంతకంటే మేలుగా బంతి వేగం, కోణం, స్పిన్‌లనే పోల్చుకోవాలి.

ఎండ చేసే అసలు నష్టం కారు డిక్కీలో జరుగుతుంది. షాఫ్టు 120 డిగ్రీలకు పైబడిన వేడిలో గట్టిపడినది కాబట్టి డిక్కీ వేడి దానిని ఏమీ చేయదు. హెడ్‌ను పట్టి ఉంచే ఎపాక్సీ మాత్రం మామూలు గది వేడిలో గట్టిపడినది. అలాంటి జిగురుల్లో చాలా రకాలు 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడతాయి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డిక్కీ ఆ వేడికి చేరగలదు. అలా రోజుల తరబడి ఉంచిన డ్రైవర్ హెడ్ కొద్దికొద్దిగా తిరిగిపోయి, ఫేస్ తెరుచుకుని, ఆడేవారు తమ స్వింగ్‌నే అనుమానించుకుంటారు. సంచిని ఇంట్లోకి తెచ్చుకోవడం కష్టమైన పని కాదు.

పాత షాఫ్టు కొనేవారు కొన ఎంత కోశారో అడగాలి. పై నుంచి కోస్తే పొడవు తగ్గుతుంది, కొంత గట్టిపడుతుంది. కొన నుంచి కోస్తే అంతకంటే ఎక్కువగా గట్టిపడుతుంది, ఆ కోత తిరిగి రాదు. డ్రైవర్ కంటే పొట్టిదైన ఫెయిర్‌వే వుడ్ క్లబ్బు నుంచి ఊడదీసిన షాఫ్టును డ్రైవర్‌కు వేస్తే దాని మీది ఆర్, ఎస్ అక్షరం పూర్తిగా అర్థం కోల్పోతుంది. హెడ్‌ను ఊడదీసినప్పుడు వేడి మితిమీరితే కొన దగ్గరి రెజిన్ పాడవుతుంది, బయటికి ఏమీ తెలియదు, నెలల తర్వాత కొన విరిగి హెడ్ బంతితో పాటు ఎగిరిపోతుంది. గ్రాఫైట్ షాఫ్టును మెలితిప్పకుండా నేరుగా లాగే పరికరంతోనే తీయాలి. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే పేరున్న షాఫ్టుల్లో నకిలీవి ఉన్నాయి. రంగు, అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి, తూచి చూస్తే, కంపన యంత్రంలో పెడితే దొరికిపోతాయి. అసలు కంపెనీ షాఫ్టుల్లోనూ, కొత్త డ్రైవర్‌తో పాటు వచ్చేదీ విడిగా ఎక్కువ ధరకు అమ్మేదీ ఒకే రంగులో ఉన్నా లోపలి పొరలు వేరుగా ఉన్న సందర్భాలు ఉన్నాయి కాబట్టి, కొనే ముందు ఆ రెండూ ఒకటేనా అని అడగడం కొనేవారి హక్కు.

అన్నీ కుదిరి షాఫ్టు నిర్ణయమయ్యాక నేను క్లబ్బుతో పాటు ఒక కాగితం ఇస్తాను. కోతకు ముందు షాఫ్టు బరువు, కోసిన తర్వాత బరువు, కొన నుంచి ఎంత, పై నుంచి ఎంత కోసింది, పూర్తయిన పొడవు, స్వింగ్‌వెయిట్, నిమిషానికి కంపనాలు, అడాప్టర్ గడి అందులో ఉంటాయి. రెండేళ్లకు హెడ్ మార్చాలనుకున్నా, షాఫ్టు విరిగి కొత్తది వేయించుకోవలసి వచ్చినా, ఏ ఊళ్లోని ఫిట్టర్ అయినా ఆ కాగితం చూసి అదే క్లబ్బును మళ్లీ కట్టగలడు. మీకు క్లబ్బు కట్టినవారు ఆ వివరాలు ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి.